గాజుల చేతులు వద్దన్న మిషన్

కరీంనగర్,
12 జూన్ 1963

అన్నకు,

క్షేమమని ముందుగాల రాయాలె గదా, రాస్తున్న, క్షేమమే. జరం లేదు, దగ్గు లేదు, కోపమొక్కటే ఉన్నది. అది ఎందుకో చెప్త.

మల్ల మల్ల "బోథ్‌కు వచ్చెయ్ చెల్లె, ఇంట్ల ఇంత తిని కూసో" అని రాయకు. మా ఆయన పోయినంక చొప్పదండిల అత్తోరింట్ల ఏడాది కూసున్న. కూసున్నోళ్లు ఎన్ని మాటలు పడాలెనో నాకెరుకే. ఇప్పుడు బుచ్చవ్వ ఇంట్ల ఒక అర్రల ఉంటున్న. ఆమెకు నా లెక్కనే మొగడు లేడు, పిల్లలు కూడ లేరు. ఇద్దరం పొద్దుగాల లేచి ఒక్క కార్ఖానకే పోతం, తలనూనె సీసలకు లేబుళ్లు అంటిస్తం. నా తిండి నేను తింటున్న. గీ ముచ్చట ఇక్కడికి బంద్ చెయ్యి.

అయితె గా లేబుళ్లు అంటించే పనికే ఇప్పుడు మిషన్ వచ్చింది. సేటు బొంబాయిల పాతది కొనుక్కొచ్చిండు. దానెంబడి ఒక మిస్త్రీ వచ్చి, రెండు దినాలుండి, బిగిచ్చి పోయిండు. ఒక మోటరు, దానికి బెల్టు, లోపట ఒక రోలరు. మేం మైదా ఉడికిచ్చి లై కాస్తం గదా, జిగురు, గా లైల మునిగి రోలరు తిరుగుతది, లేబులుకు లై పూస్తది. రెండు దిక్కులకెళ్లి రబ్బరు మెత్తలు వచ్చి సీసకు లేబులును ఒత్తుతయి. మనం సీస పెట్టాలె, సీస తియ్యాలె, అంతే. మేం ఎనిమిది మందిమి పొద్దంత చేసే పని రెండు గంటలల్ల చేసి పారేసింది. మంచిగనే ఉన్నది.

కాని దాని రోలరు మీద, మెత్తల మీద ఒక ఇనుప జాలీ ఉండె, చేతులు లోపటికి పోకుంట. మిస్త్రీ పోంగనే పూజ పెట్టిండ్రు. పంతులు రోలరుకు బొట్టు పెట్టాలెనన్నడు, జాలీ అడ్డమొచ్చింది, ఇప్పేసిండ్రు. మల్ల బిగియ్యలే. ఎందుకంటె జాలీ ఉంటె సీసలు ఇరుక్కుంటున్నయట. మా సేటు కొత్త సీసలు కొనడు గదా, ఊర్లపొంట తిరిగి పాతసీసలోళ్లు తెచ్చేటియి తీసుకుంటడు. ఒకటి లావు, ఒకటి సన్నం. జాలీ లేకుంటె ఏ సీసైనా పోతది. జాలీ ఏదని గుమాస్తా మొండయ్యను అడిగిన. "నువ్వు లేబులు అంటియ్యి, మిషన్ సంగతి నీకెందుకు" అన్నడు.

నువ్వు పత్తి మిల్లుల ఇరవై ఏండ్ల సంది మిషన్లతోనే ఉన్నవు. గిట్ల జాలీ లేకుంట నడిపిస్తరా ఎక్కడన్న? జల్ది రాయి.

నీ చెల్లె
అనసూర్య


బోథ్,
20 జూన్ 1963

చెల్లె అనసూర్యకు,

ఇక్కడ అవ్వ, మీ వదిన, నేను బాగనే ఉన్నం, నీ ఉత్తరం సదివేదాక. బొట్టు పెట్టనీకి జాలీ ఇప్పిండ్రా! సరే, దేవుని పని, ఇప్పిండ్రనుకో. మల్ల బిగిచ్చెటందుకు చేతులు పడిపోయినయా? ఆ మిస్త్రీ ఎవడోగాని రెండు దినాలల్ల బిగిచ్చి పోయిండంటేనే నాకు అర్థమైంది.

నేను చెప్పేది మీ సేటుకు, మొండయ్యకు నిలబెట్టి సదివి వినిపియ్యి. మా మిల్లుల నేను మెకానికునని కూడ చెప్పు, ఉత్తగ అనేటోన్ని కాదు. ముందుగాల మిషన్‌ను సిమెంటుల బోల్టులు దించి బిగిచ్చిండ్రా, ఉత్తగ నేల మీద పెట్టిండ్రా చూడు. ఉత్తగ పెట్టింది అదిరి అదిరి జరుగుతది, బెల్టు తప్పుతది. బెల్టు మీద రేకు డబ్బ ఉండాలె. మోటరు నుంచి భూమిల పాతే తీగె ఉండాలె, లేకుంటె వానకాలం గోడలు చెమ్మపట్టినప్పుడు మిషన్ ముట్టినోళ్లు ముట్టినకాడనే పడతరు. స్విచ్చి సీస పెట్టేటామె చెయ్యికి అందాలె. కొత్తగ షురూ చేసే దినం కరెంటు పెట్టనే వద్దు, పక్కన చక్రం ఉంటది, దాన్ని చేత్తోని తిప్పుకుంట ఖాళీ సీసలు ఒక వంద పోనియ్యాలె. యాడ ఇరుకుతంది, యాడ లేబులు ముడతపడుతంది అప్పుడు ఎరుకైతది. ఇగ లై తుడిచేటప్పుడు మోటరు ఆపుడే కాదు, ఫ్యూజు పీకి తుడిచేటామె కొంగుకు కట్టుకోవాలె. ఇంకెవడో తెల్వక స్విచ్చి వేస్తె ఎవరి చెయ్యి పోతది?

సీసలు ఇరుకుతున్నయంటె తప్పు జాలీది కాదు, సీసలది. లావుయి ఒక కుప్ప, సన్నయి ఒక కుప్ప చెయ్యిండ్రి. ఒక దినం ఒక్క సైజే నడుపుండ్రి. జాలీ కింద వాషర్లు వేస్తె లేస్తది, తీస్తె దిగుతది. అర్ధగంట పని చెల్లె, అర్ధగంట! దానికి జాలీనే అవతల పారేసుడేంది?

అన్నిటికన్న పెద్ద మాట ఇది. నేను పని నేర్చుకునే కాలంల ఒక మిల్లుల పత్తి వేసే ఆడమనిషి గాజులల్ల పత్తి చిక్కింది. పత్తిని రోలరు గుంజింది, పత్తితోని చెయ్యి పోయింది, మోచెయ్యి దాక. బెల్టు కోసింది నేనే. ఆమె మొఖం ఇప్పటికి కండ్ల ముంగట ఉన్నది. అందుకని గాజుల చెయ్యి ఆ మిషన్ కాడికి రావద్దు. రానే రావద్దు. గీ మాట కింద రెండు గీతలు గీసిన, సేటుకు చూపెట్టు.

అన్న
అంబదాస్


కరీంనగర్,
9 జులై 1963

అన్నకు,

సదివిన. సేటు గద్దె మీద కూసుండంగ ఎదురుంగ నిలబడి మొదటి అక్షరం నుంచి ఆఖరి దాక సదివిన. బోల్టులంటె "చూద్దాం" అన్నడు. భూమిల తీగె అంటె "ఎండకాలం చూద్దాం" అన్నడు. వానలు పడుతుంటె ఎండకాలం దాక ఎట్ల ఆగుతమని అడిగిన, లెక్కల బుక్కు తిప్పిండు. జాలీ ముచ్చట రాంగనే మొండయ్య అందుకున్నడు, సీసలు ఏరుకుంట కూసుంటె పని ఎప్పుడైతదని.

గాజుల కాడికి వచ్చేసరికి సేటు సక్కగ కూసున్నడు. "ఇది మంచి మాట. మీ అన్న తెలివిగల్లోడు" అన్నడు. ఎందుకనడు? నువ్వు చెప్పిన అన్ని మాటలల్ల ఆయనకు తక్లీఫ్ లేనిది అదొక్కటే. ఉత్తరం నాకు వాపస్ ఇయ్యలే. మడత పెట్టి అంగీ జేబుల పెట్టుకున్నడు.

తెల్లారి నుంచి గాజులు తీసి రావాలెనని హుకుం చేసిండు. ఇగ చూడు లొల్లి. మా ఎనిమిది మందిల ఐదుగురు ముత్తైదువలు. రాజవ్వ అయితె "నా మొగడు బతికే ఉన్నడు సేటూ, పొద్దుగాల నా చేతి గటకనే తాగి పోయిండు" అని మొఖం మీదనే అన్నది. పొద్దుమీకి ఇద్దరి అత్తలు కార్ఖాన ముంగటికి వచ్చి దుమ్మెత్తి పోసిండ్రు, మా కొడుకులను సంపుతవా అని. సేటు లోపటికెళ్లి బయటికి రాలే.

తర్వాత వేరే ఇంతజాం చేసిండు. మిషన్ నడుస్తంది. జాలీ లేదు. అంతే, ఇంక రాసేదేం లేదు. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లున్నది?

అనసూర్య


బోథ్,
18 జులై 1963

చెల్లె,

అవ్వ మోకాళ్లు బాగనే ఉన్నయి. నీ ఉత్తరమే బాగలేదు.

వేరే ఇంతజాం అంటె ఏంది? ఐదుగురు గాజులు తియ్యం అన్నరు, మంచిది. మల్ల మిషన్ మీద ఎవరు నిలబడుతుండ్రు? మొగోళ్లను పెట్టిండా? స్విచ్చి యాడున్నది? బెల్టు మీద డబ్బ ఉన్నదా? నేను అన్ని అడిగితె నువ్వు ఒక్కదానికి జవాబు రాయకుంట అవ్వ మోకాళ్ల మీదికి పోయినవు. నిన్ను చిన్నప్పటి సంది చూస్తున్న, దాస్తున్నప్పుడే నువ్వు అవ్వ ముచ్చట తీస్తవు.

మా మిల్లు లారీ డ్రైవర్ ఇస్తారి కరీంనగర్ వస్తుండు. ఆయనతోని ఒక ఇనుప రింగు పంపుతున్న, నేనే చేసిన. సీసను దాంట్లకెళ్లి పోనిచ్చి చూడాలె. పోయింది మిషన్‌కు, పోనిది చేతి పనికి. ఇంత కన్న అలకగ చెప్పుడు నాకు రాదు. జాలీ పెట్టుకొని నడుపుమను. నేను పక్కనుంటె ఒక్క పూటల అయ్యే పని, గింత దూరం నుంచి కాయిదాల మీద చెప్పుకుంట సస్తున్న.

సక్కగ రాయి. ఎవరు నిలబడుతుండ్రు?

అంబదాస్


కరీంనగర్,
11 ఆగస్టు 1963

అన్నకు,

అడిగినవు గదా, ఇను. కార్ఖానల ఎనిమిది మందిమి. ఐదుగురికి గాజులున్నయి, ముగ్గురికి లేవు. బుచ్చవ్వకు, ఐలవ్వకు, నాకు. ఇంతజాం అంటె అదే.

మొండయ్య మమ్ముల వరసగ నిలబెట్టి చేతులు చూపెట్టుమన్నడు. బడిల పిల్లల గోర్లు చూసినట్లు చూసిండు. "మీ ముగ్గురు ఇటు రండ్రి" అన్నడు. అప్పటిదాక నాకు సమజ్ కాలే, నిజంగ కాలే. సేటు ఏమన్నడో రాయద్దనుకున్న, రాస్తున్న. "మీ ముగ్గురికైతె అడిగేటోళ్లు లేరు, లొల్లి లేదు" అన్నడు. అందరి ముంగట అన్నడు. ఎక్కిరిచ్చెటందుకు అనలే, మంచి ఉపాయం దొరికిందని సంబురంగ అన్నడు. గందుకే ఇంకింత కోపమొచ్చింది నాకు.

నువ్వు రాసింది తప్పని అంటలేను. అయినా అన్నా, రెండు గీతలు గీసేటప్పుడు నీ చెల్లె చేతులు ఎట్లుంటయో ఒక్కసారన్న యాదికి రాలేదా? నీ మీద కోపంతోనే ఇన్ని దినాలు రాయలే. దాచుడేం లేదు.

మేం ముగ్గురం వంతులు వేసుకున్నం. సీస పెట్టేటప్పుడు వేలు రోలరు నుంచి బెత్తెడు దూరంల ఉంటది. లావు సీస ఇరికితె వేలు పెట్టి గుంజాలె, గప్పుడు బెత్తెడు కూడ ఉండది. స్విచ్చి గోడకవతల మొండయ్య కూసునేకాడ ఉన్నది. ఐలవ్వ అయితె పొద్దుగాల దేవుని పేరు చెప్పుకొని గాని దాని కాడికి పోదు.

నీ రింగు మొండయ్యకు ఇచ్చిన. రెండు దినాలు చూసిండు. పదింట్ల నాలుగు సీసలు పోలే. "అన్ని చేతితోనే చేస్తె మిషన్ తెచ్చి ఏం ఫాయిదా" అని రింగును కాయిదాలు ఎగరకుంట బరువు పెట్టుకున్నడు.

అనసూర్య


బోథ్,
20 ఆగస్టు 1963

చెల్లె,

యాదికి రాలే. నీకు అబద్ధం రాయ. మిషన్ యాదికొచ్చింది, గా మిల్లుల చెయ్యి పోయిన ఆడమనిషి యాదికొచ్చింది, నువ్వు రాలే. నన్ను ఎంతన్న తిట్టు.

నౌకరి ఇడిచిపెట్టి బస్సెక్కు. కోపం మీద అంటలేను, బతిమిలాడుతున్న. మీ సేటుకు వేరే ఉత్తరం రాసిన, గాజులున్నా లేకున్నా జాలీ లేకుంట ఎవ్వరి చెయ్యి పెట్టద్దని. జవాబు లేదు. గా ఉత్తరం కూడ జేబుల పెట్టుకున్నడో, పొయ్యిల పెట్టిండో.

నేనే వస్తుంటి. పత్తి సీజన్ ముంగట మిల్లు మొత్తం ఇప్పి పెట్టినం, ఒక్కొక్క రోలరు నా చేతుల మీదికెళ్లి పోవాలె. నేను ఇక్కడ సక్కగ బిగియ్యకుంటె రేపు ఇక్కడి ఆడోళ్ల చేతులు పోతయి. మేనేజరును సెలవు అడిగిన, ఒక్క దినం కూడ ఇయ్యనన్నడు. మీ వదిన అర్ర సాఫ్ చేసి పెట్టింది. వచ్చెయ్.

అంబదాస్


కరీంనగర్,
20 సెప్టెంబర్ 1963

అన్నా,

బుచ్చవ్వ ఎడమ చెయ్యి రెండు వేళ్లు పోయినయి. దవాఖానల నాలుగు దినాలుండి నిన్న ఇంటికొచ్చింది. ఇప్పుడు నిద్రపోతంది, అందుకని రాస్తున్న.

గా దినం నా వంతు. రోలరు మీద లై ఎండి గడ్డలు కట్టింది, లేబుళ్లు వంకర పోతున్నయి. మిషన్ ఆపుండ్రి, తుడుస్త అన్న. "ఆపితె ఇంకింత ఎండుతది, నడుస్తుండంగనే తుడువు" అన్నడు మొండయ్య. తుడువనన్న. ఫ్యూజు పీకి నా చేతిల పెడితెనే తుడుస్త అన్న, నువ్వు చెప్పిందే. ముండమోపిదానికి గింత నోరా అని ఆయన మీదికొచ్చిండు. నేను తగ్గలే. లొల్లి పెద్దగయితుంటె బుచ్చవ్వ "ఊకో బిడ్డ, నేను తుడుస్త" అని గుడ్డ పట్టుకొని వంగింది. గుడ్డను రోలరు గుంజింది. గుడ్డతోని చెయ్యి పోయింది. నేను గోడకవతలికి ఉరికి స్విచ్చి ఆపి వచ్చేసరికి అయిపోయింది.

ఆమె చేతికి గాజులు లేవన్నా. గాజులు తీసి పన్నెండేండ్లు.

నేను నోరు మూసుకొని తుడిస్తె నా వేళ్లు పోతుండె, ఆపుమని మొత్తుకుంటె ఆమె వేళ్లు పోయినయి. నేను చేసింది ఒప్పో తప్పో నాకు తెలుస్తలేదు. బుచ్చవ్వ నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు.

తెల్లారే మిషన్ కడిగి మల్ల నడిపిండ్రు. ఇప్పుడు ఐలవ్వ ఒక పూట, నేను ఒక పూట. "ముసలిది, సోయి లేకుంట చెయ్యి పెట్టింది" అంటడు సేటు. నేను మాట్లాడబోతె నీ ఉత్తరం తీసి చూపెడుతడు. "మీ అన్న చెప్పినట్లే చేసిన గదా, ఏమన్న తేడా ఉన్నదా" అంటడు. రాజవ్వోళ్లు మా దిక్కు చూస్తలేరు, తల వంచుకొని సీసలు తుడుచుకుంటుండ్రు.

బస్సెక్కు అంటవు. నేను పోతె బుచ్చవ్వకు అన్నం ఎవరు కలిపి పెడ్తరు? నా జాగల ఇంకొక గాజుల్లేనిదాన్ని తెచ్చి నిలబెడతడు, గీ ఊర్లె మాకు కరువున్నదా? నీ కాయిదం చూపెడితె సేటుకు నేనేం జవాబు చెప్పాలె? గదొక్కటి నువ్వే రాయి. ఇంకేం రాయకు.

అనసూర్య


బోథ్,
8 అక్టోబర్ 1963

చెల్లె,

జవాబు గీ డబ్బల ఉన్నది. గడ్డి చుట్టి పెట్టిన, ఇస్తారిని ఒళ్లె పెట్టుకొని తెమ్మన్న. మెల్లగ ఇప్పు.

అంగట్ల గాజులమ్మేటామె ఎవరికి అని అడిగింది. చెల్లెకన్న. సైజెంత అన్నది. నాకు తెల్వది. ఇంటికొచ్చి మీ వదినను తోల్కపోయిన. తన చేతి సైజుకు ఒక నంబరు తక్కువ ఇయ్యుమన్నది, పచ్చయి తనే ఏరింది. డజను. ఎవరికని ఆమెకు ఎరుకే. నన్ను ఏం అడుగలే.

అవ్వ మాత్రం అడిగింది. నీకు మతి పోయిందారా, ఊరు మొఖం మీద ఊంచుతది అన్నది. ఆమెకు నేనెన్నడు ఎదురు మాట్లాడలే, గా దినం మాట్లాడిన. నీ బిడ్డకు వేళ్లు కావాల్నా ఊరు కావాల్నా అన్న. అప్పటి సంది నాతోని మాట్లాడుతలేదు. అన్నం కూడ మీ వదినతోనే పెట్టిస్తంది.

ఒక ముచ్చట ఎన్నడు చెప్పలే నీకు. నీ మొగడు పోయిన పదో దినం, చొప్పదండిల నీ గాజులు పలగ్గొడుతుంటె నేను అక్కడనే ఉన్న. నువ్వు నా దిక్కు చూసినవు. ఆపుమంటనేమోనని చూసినవు. నేను నేల చూసిన. గది నాకు యాది లేదనుకున్నవేమో, ఉన్నది. సిగ్గుతోని ఉన్నది.

గీ గాజులు ఏసుకొని కార్ఖానకు పో. ఎవరు ఏసుకొమ్మన్నరంటె మా అన్న అను. సేటు జేబుల కాయిదం తీసి సదువుకొమ్మను. గాజుల చెయ్యి ఆ మిషన్ కాడికి రావద్దని రెండు గీతలు గీసి ఉన్నది గదా. నిన్నైతె ఇగ పిలువడు. మిగిలినోళ్ల సంగతి నాకు తోస్తలేదు, ముందుగాల నీ చేతులు నాకు కావాలె.

డబ్బ అడుగున ఎనిమిది వాషర్లు పెట్టిన, జాలీ కిందికి. ఎందుకు పెట్టిన్నో నాకే తెల్వది.

అంబదాస్


కరీంనగర్,
24 అక్టోబర్ 1963

అన్నకు,

ఒకటి పగిలింది, పదకొండు మంచిగ అందినయి.

అర్ర తలుపేసుకొని రెండు చేతులకు ఏసుకున్న. ఏడ్చిన. నీ మీదున్న కోపం అంతా పోయిందని రాయను, కొంచెం ఉన్నది, ఉండనియ్యి. కాని అన్నా, నువ్వు నేల చూసినవని రాసినవు గదా, గా మాట నాలుగు సార్లు సదువుకున్న.

బయటికొస్తె బుచ్చవ్వ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లె పెట్టుకొని కూసున్నది. గాజుల దిక్కు చూసింది. "నువ్వైతె బతికిపోయినవు బిడ్డ. ఇగ ఐలవ్వ ఒక్కతే" అన్నది. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాట అన్నది. నేను తప్పిచ్చుకుంటె ఐలవ్వ రెండు పూటలు నిలబడాలె. నువ్వు నా చేతులే చూసినవు, తప్పు లేదు, నువ్వు నా అన్నవు. నేను వాళ్లతోని పని చేస్తున్న.

నాలుగు ఉంచుకొని ఏడు తీసిన. బుచ్చవ్వ మంచి చెయ్యికి మూడు. ఇద్దరం ఐలవ్వ ఇంటికి పోయి నాలుగు ముంగట పెడితె ఆమె ఎనుకకు జరిగింది. బిడ్డ అత్తోరు ఏమంటరో అన్నది. మల్ల తనే చెయ్యి చాపింది. వదిన ఏరిన సైజు ఐలవ్వకు యాడ సరిపోతది? వేళ్ల కణుపులకాడ ఆగినయి. సేటు తలనూనెనే దబదబ పూసి ఎక్కిచ్చిన. ముగ్గురం నవ్వినం, భయంతోనే నవ్వినం.

గల్లీల నడుస్తుంటె నీళ్లు పట్టేటోళ్లు బిందెలు దించి చూసిండ్రు. ఒకామె ఊంచింది. బుచ్చవ్వ తల ఎత్తుకునే నడిచింది.

కార్ఖానల మొండయ్య మా చేతులు చూసి లోపటికి ఉరికిండు. సేటును పిలుచుకొచ్చిండు. "ఏందే గీ తమాషా, సిగ్గు లేదా" అన్నడు సేటు. మా అన్న ఏసుకొమ్మన్నడు, నీ జేబుల ఆయన కాయిదం ఉన్నది, సదువుకో అన్న. ఆయన తియ్యలే. నేనే నోటికి చెప్పిన, గాజుల చెయ్యి ఆ మిషన్ కాడికి రావద్దు, రానే రావద్దు అని. "అయితె మిషన్ మీద ఎవరు నిలబడాలె, నేనా?" అని అర్సిండు. నేను అన్న: "కార్ఖానల గాజుల్లేని చేతులు రెండు జతలే ఉన్నయి సేటూ. ఒకటి నీది, ఒకటి మొండయ్యది."

ముందుగాల రాజవ్వ నవ్వింది. ఇగ ఆగుతరా, ఎనిమిది మందిమి నవ్వినం. అందరినీ ఎల్లగొడుత అన్నడు సేటు. ఎల్లగొట్టు అని రాజవ్వ సీస కింద పెట్టి లేచింది. బయట లారీ నిలబడి ఉన్నది, పొద్దుమీకేసరికి సరుకు నిండాలె. సేటు మొండయ్య దిక్కు చూసిండు.

మొండయ్య నిలబడ్డడు అన్నా. మిషన్ షురూ అయింది. పది సీసలు కాకముందే లావు సీస ఇరికింది. మాకైతె "వేలు పెట్టి గుంజు" అంటుండె గదా. చెయ్యి పెట్టబోయి ఆగిండు. మల్ల పెట్టబోయిండు. ఎదురుంగనే బుచ్చవ్వ కట్టు చెయ్యి పట్టుకొని కూసున్నది. స్విచ్చి ఆపుండ్రి, ఆపుండ్రి అని ఒక్కటే మొత్తుకునుడు. ఎవరో పోయి ఆపిండ్రు. ఆయన అంగీ వీపంత తడిసింది.

పగటికల్ల జాలీ అటక మీదికెళ్లి దిగింది. ఎవరూ అడుగలే, మొండయ్యనే దించిండు. నీ వాషర్లు ఇచ్చిన, ఆరు పట్టినయి. రాజవ్వోళ్లు సీసలు రెండు కుప్పలు చేసిండ్రు. కరెంటు పెట్టకుంట చక్రం నేను తిప్పిన, వంద సీసలు. తెల్లారి స్విచ్చి ఇవతలి గోడకు వచ్చింది. బోల్టులు ఇంక కాలే, భూమిల తీగె ఇంక కాలే, దినాం అడుగుతున్న, దినాం "చూద్దాం" అంటుండు, నేను ఇడువ. ఇప్పుడు బుచ్చవ్వ చెయ్యి మానేదాక మిగిలిన ఏడుగురం వంతులు వేసుకున్నం. గాజులు మోచెయ్యి దిక్కు ఎక్కిచ్చి గుడ్డ కట్టుకొని నిలబడుతున్నం. నువ్వు ఒప్పుకోవు, ఎరుకే, తిట్టుకుంట ఇంకో ఉత్తరం రాయి.

జాలీ వచ్చింది గదా, మీ ముగ్గురు ఇగ గాజులు తియ్యిండ్రి, కార్ఖానకు అరిష్టం అన్నడు సేటు. ఐలవ్వ తీసింది. బిడ్డ అత్తోరింటి నుంచి కబురొచ్చిందట, ఆమెను నేనేం అనలే. బుచ్చవ్వ తియ్యలే. "నా వేళ్లు పోయినప్పుడు రాని అరిష్టం ఇప్పుడొచ్చిందా" అని సేటునే అడిగింది. ఆయన లోపటికి పోయిండు.

నేనూ తియ్యను. వచ్చే నెల రెండు దినాలు బోథ్‌కు వస్త, ఉండుటానికి కాదు, చూసి పోయెటందుకు. గాజులతోనే వస్త. అవ్వ తలుపు తీస్తదా, తియ్యదా? తియ్యకుంటె ముందే రాయి, నేను రాను. తీస్తదనే అనుకుంటున్న. అయినా అడిగి రాయి.

నీ చెల్లె
అనసూర్య